భూమన్న బండెక్కిన పొద్దు

మూడో రోజు కూడా బాలలక్ష్మి నోరు విప్పలేదు.

వంట ఆగలేదు, చాయ ఆగలేదు. పొద్దున్నే పరశురాములు కుర్చీ పక్కన గ్లాసు పెట్టి పోతోంది. మధ్యాహ్నం కంచంలో అన్నీ వడ్డించి, మూత పెట్టి, పక్కింటి లస్మవ్వ దగ్గరికి పోయి కూర్చుంటోంది. ముప్పయ్యెనిమిదేళ్ల కాపురంలో ఆమె చాలాసార్లు అలిగింది కానీ ఆ అలకలకు చప్పుడుండేది. గిన్నెలు మోగేవి, తలుపులు మోగేవి. ఈసారి గిన్నె కింద పెట్టినా చప్పుడు కావడం లేదు. పరశురాములుకు అదే దిగులుగా ఉంది.

తప్పు కోడలిది అనడానికీ లేదు. ఐదు నెలలుగా సృజన మామ రాసిన నోటుబుక్కులు ముందేసుకుని కంప్యూటర్లో టైపు చేస్తోంది. పరశురాములు మిలిటరీలో వంటవాడు. మన సైన్యం శ్రీలంకకు పోయిన రోజుల్లో తనూ పోయి, వవునియా దగ్గరి క్యాంపులో రెండేళ్లు మూడొందల మందికి వండిపెట్టాడు. ఆ రెండేళ్ల ముచ్చట్లే ఈ పుస్తకం. ఉప్పు దొరకని వారం, వానకు తడిసిన గోధుమపిండి, గుడారంలోకి దూరిన ఉడుము, కొబ్బరినూనెతో మొదటిసారి పెట్టిన పోపు. ఏది టైపు చేసినా సృజన సాయంత్రం పూట బియ్యం ఏరుకునే అత్తకు చదివి వినిపించేది. బాలలక్ష్మి నవ్వేది. కొన్ని తెలిసినవే అనేది. తెలియనిది వస్తే మళ్లీ చదివించుకునేది.

పదకొండో అధ్యాయం కూడా అట్లాగే చదివింది. అత్తకు తెలిసిన సంగతే అనుకుంది.

దాని మొదటి వాక్యం ఇది: "నా ఎడమ కాలు బాంబుకు కాలలేదు, పప్పుకు కాలింది."

బాలలక్ష్మి చేతిలోని చాట పక్కన పెట్టి, లేచి లోపలికి పోయింది. అప్పటినుంచీ ఇదే వరస.

కొడుకు నరేశ్ అవ్వ తరఫునా లేడు, బాపు తరఫునా లేడు. ప్రెస్సు తరఫున ఉన్నాడు. పెద్దపల్లిలో ట్రాక్టర్ల సామాను దుకాణం నడుపుకునే మనిషి, తండ్రి పుస్తకం పని మొదలయ్యాక సగం రోజులు కరీంనగర్ ప్రెస్సు చుట్టే తిరుగుతున్నాడు. ఆదివారం నాడు పుస్తకం ఆవిష్కరణకు మాజీ సైనికుల సంఘం వాళ్లు హాలు మాట్లాడారు. కార్డులు పంచేశారు. రేపు సాయంత్రం ఐదింటికి మిషను మీదికి ఎక్కకపోతే ఆదివారానికి పుస్తకం రాదని ప్రెస్సాయన గట్టిగా చెప్పాడు. ఆ మాట మోసుకుని వచ్చిన నరేశ్, చెప్పులు కూడా విడవకుండా వాకిట్లోనే నిలబడి మొదలుపెట్టాడు.

"బాపు, గా నాలుగు పేజీలు తీసెయ్. పుస్తకానికి ఏం తక్కువైతది?"

తీసేస్తే మిగిలిన పేజీలు కూడా అబద్ధమైపోతాయని పరశురాములు అన్నాడు. ముప్పయ్యేడేళ్లు చెప్పకుండా ఉన్నప్పుడు కాని అబద్ధం ఇప్పుడెట్లా అవుతుందని నరేశ్ అడిగాడు. అప్పుడూ అబద్ధమేనని, అందుకే రాశానని తండ్రి అన్నాడు. సృజన గడపలో నిలబడి, ఆ నాలుగు పేజీలు తీస్తే ముందువీ వెనకవీ అతకవని మెల్లగా చెప్పబోయింది. నరేశ్ ఆమె వైపు చూడలేదు.

"నీ మనసు నిమ్మళం చేసుకుందామని చూస్తున్నవు బాపు. మంచిదే. మరి సత్తమ్మ చిన్నమ్మ మనసు సంగతేంది? ఆమె నిన్ను దేవుని లెక్క చూస్తది. గిది చదివితె ఆమెకేం మిగులుతది?"

కొడుకు అన్నదాంట్లో తప్పు లేదు. పరశురాములు నోటుబుక్కు మూసి, క్యాంపులో తనతో వండి అక్కడే పోయిన భూమన్న భార్య సత్తమ్మ వినకుండా అచ్చువేయడం కూడా న్యాయం కాదని, రేపు తానే పోయి చదివి వినిపిస్తానని, ఆమె వద్దంటే అప్పుడు తీసేద్దామని చెప్పాడు.

నరేశ్ చెప్పులు విడిచి లోపలికి పోయాడు. వంటింట్లో ఒక గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది. చాలా చిన్న చప్పుడు. పరశురాములు దానికే సంతోషపడ్డాడు.

తెల్లవారి అతను సంచీ భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చేసరికి బాలలక్ష్మి ఆటోలో కూర్చుని ఉంది. బయటికి పోయేటప్పుడు కట్టుకునే ఆకుపచ్చ చీర, ఒళ్లో సకినాల డబ్బా. ఎక్కడికని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

కాగజ్‌నగర్ బండిలో కిటికీ పక్కన సీటు దొరికింది. రామగుండం దాటి గోదావరి వంతెన మీదికి బండి ఎక్కినప్పుడు బాలలక్ష్మి కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల తీసి, కళ్లకద్దుకుని, నీళ్లలోకి విసిరింది. వంతెన అయిపోయేదాకా చేతులు జోడించి ఉంది. తర్వాత కిటికీలోంచి చూస్తూనే అడిగింది.

"అది ఏం పప్పు?"

పరశురాములుకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

"శెనగపప్పు," అన్నాడు.

"అందుకే అంత లోతు కాలింది. కందిపప్పయితె జారిపోవు. శెనగపప్పు అంటుకుంటది."

అతను తలూపాడు. ఎదురు సీటులో ముసలాయన ఇద్దరినీ వింతగా చూశాడు.

"నాకు చెప్పకపోతివి. కాయితానికి చెప్పినవు."

"నీకు చెప్పాల్నంటె నీ మొకం చూడాలె," అన్నాడు పరశురాములు. "కాయితానికి మొకం లేదు."

మంచిర్యాల వచ్చింది. జనం దిగారు, ఎక్కారు. బాలలక్ష్మి సకినాల డబ్బా మూత తీసి ఒకటి తాను తీసుకుని, ఒకటి అతనికిచ్చింది.

"బాంబుకు కాలిన కాలని గా కాలుకు ఎన్ని చలికాలాలు ఆముదం రాసిన. పప్పుకు కాలిందని తెలిస్తె రాయకపోదునా?"

అతను సకినం తినలేక చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. కాలు సంగతి ఆమె క్షమించిందని తెలిసింది. కానీ ఆమె అడగంది ఇంకొకటి ఉందని, దాన్ని ఆమె కావాలనే అడగడం లేదని కూడా తెలిసింది. అధ్యాయం కాలు దగ్గర ఆగలేదు.

వవునియాలో కాలు కాలిన ఆ రోజు రేషన్ బండి వెంట పోవలసిన వంతు పరశురాములుది. రెండు రోజుల ముందే ఆ దారిలో మందుపాతర పేలి ఒక జీపు లేచిపోయింది. తెల్లవారుజామున పొయ్యి మీది గంజు దించుతుంటే చేతిలోని గుడ్డ జారి, ఉడుకుతున్న పప్పు మోకాలి నుంచి మడమ దాకా పడింది. అతని పక్కన పొయ్యి మీద పూరీలు కాలుస్తున్న భూమన్న పరుగెత్తుకొచ్చి నీళ్లు పోశాడు. భూమన్నది ఆసిఫాబాద్ దగ్గరి ఊరు. ఒకే క్యాంపులో తెలుగు మాట్లాడేవాళ్లు ఇద్దరే అయినందుకు అన్నదమ్ముల కంటే ఎక్కువయ్యారు. కాలుకు కట్టు కట్టించి, సుబేదారు దగ్గరికి పోయి, ఇయ్యాల బండి మీద నేను పోతానని భూమన్నే చెప్పాడు. పదకొండు గంటలప్పుడు దూరంగా చప్పుడు వినిపించింది.

ఇంతవరకు రాయడం పరశురాములుకు కష్టం కాలేదు. తర్వాతి రెండు వాక్యాలు రాయడానికి పదకొండు రోజులు పట్టింది.

కావాలని పప్పు మీద పోసుకోలేదు. కానీ ఇక నువ్వు బండెక్కనక్కర్లేదని సుబేదారు అన్నప్పుడు, అంత మంటలోనూ, సంతోషమైంది.

ఆ తర్వాతిది అందరికీ తెలిసిన కథ, తెలిసిన తీరే తప్పు. భూమన్న అస్థికలూ ట్రంకుపెట్టే తీసుకుని ఆ ఊరికి పోయినప్పుడు, భూమన్న తండ్రి అతని కాలి కట్టు పట్టుకుని, నువ్వూ ఆ బండిలోనే ఉంటివా బిడ్డా అని అడిగాడు. పరశురాములు తలూపాడు. ముసలాయనకు అప్పుడు ఇంకేం చెప్పాలో తెలియక ఊపిన తల అది. కొడుకును కాపాడబోయి కాలు కాల్చుకున్న మనిషని ఊరు ఊరంతా అనుకుంది. పెద్దపల్లికి ఆ మాట అతనికంటే ముందే చేరింది.

సత్తమ్మ ఇంటి అరుగు మీద పత్తి కుప్ప పోసి ఉంది. ఆమె బస్తాలోకి తొక్కుతున్నదల్లా వీళ్లను చూసి దిగి వచ్చింది. ఏటా మాఘంలో భూమన్న తిథికి వచ్చే మనిషి కార్తీకంలో, అదీ భార్యను వెంటబెట్టుకుని రావడంతో ఆమెకు గాభరా అయినట్టుంది. అందరూ బాగున్నారా, కోడలు బాగుందా, నరేశ్ దుకాణం నడుస్తోందా అని ఒక్కొక్కటే అడిగింది. అన్నీ బాగున్నాయని తెలిశాక నిమ్మళించి, జొన్నరొట్టెలు చేస్తానని పొయ్యి దగ్గరికి పోబోయింది.

"రొట్టెలు తర్వాత చెల్లె," అన్నాడు పరశురాములు. "ముందుగాల నేను చదివేది విను. విన్నంక తినుమంటె తింట."

సత్తమ్మ బాలలక్ష్మి ముఖం చూసింది. బాలలక్ష్మి పత్తి బస్తాకు ఆనుకుని కూర్చుని, పక్కన చోటు చూపించింది.

అతను కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. ఎక్కడా తొందరపడలేదు, ఎక్కడా ఆగలేదు. సంతోషమైంది అన్న మాట దగ్గర కాగితాన్ని వేలితో నొక్కిపట్టాడు. భూమన్న తండ్రి ముందు తలూపిన సంగతి దాకా చదివి నోటుబుక్కు మూశాడు.

సత్తమ్మ లేచి ఇంట్లోకి పోయింది.

భార్యాభర్తలిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. లోపల బిందె మూత తీసిన చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. వాకిట్లో రెండు కోళ్లు పత్తిగింజల కోసం కాళ్లతో గీకుతున్నాయి. చాలాసేపటికి సత్తమ్మ ముఖం కడుక్కుని, రెండు చెంబుల నీళ్లతో వచ్చి కూర్చుంది.

"ఆ పొద్దు ఆయన తిన్నడా?" అని అడిగింది.

పరశురాములు ఈ ప్రశ్నను ఊహించలేదు.

"తిన్నడు. నాలుగు పూరీలు, ఆలుగడ్డ కూర. ఇంకో రెండు కాయితంల సుట్టుకొని జేబుల పెట్టుకున్నడు."

"కడుపునిండ తిన్నడా?"

"నేనే పక్కన కూసొని తినిపిచ్చిన చెల్లె. కూర ఇంకింత ఏసుకున్నడు."

ముప్పయ్యేడేళ్లలో ఆఫీసర్లు వచ్చారు, కాగితాలు వచ్చాయి, ఏ చోట ఎన్ని గంటలకు అన్నది అన్ని కాగితాల్లోనూ ఉంది. ఆకలితో పోయాడా తిని పోయాడా అన్నది ఎవరూ రాయలేదు. ఎవరిని అడగాలో ఆమెకూ తెలియలేదు. ఆ మాట చెబుతున్నప్పుడు సత్తమ్మ గొంతు మామూలుగానే ఉంది కానీ, చేతులు పత్తిలోంచి ఆకు ముక్కలు ఏరి పక్కన పడేస్తూనే ఉన్నాయి.

పోయేటప్పుడు ముఖం ఎట్లా ఉందని అడిగింది. నవ్వుతూనే ఎక్కాడని పరశురాములు చెప్పాడు. కాలు కాలింది నీకు, తిరుగుడు నాకా అని ఎగతాళి చేస్తూ పోయాడని చెప్పాడు. సత్తమ్మ ఆ మాట విని సన్నగా నవ్వింది. ఆయన అట్లాగే అంటాడంది. చచ్చిపోయిన మనిషి గురించి అంటున్నట్టు కాక, పొరుగూరికి పోయిన మనిషి గురించి అంటున్నట్టు అంది.

తర్వాత ఆమె బాలలక్ష్మి వైపు తిరిగింది.

"వదినె, నువ్వేమనుకోకు. ఆ పొద్దు అన్న కాలు కాలకుంట, అన్ననే పోయి ఆయన ఉండుంటే, నువ్వు ఏడుస్తుంటె నేను వచ్చి నీతో ఏడుద్దును. ఇంటికి పోయినంక సంబురపడుదును. నా మొగడు బతికిండని పడకపోదునా? అన్న రాసింది నాకు కొత్తగ లేదు."

బాలలక్ష్మి సత్తమ్మ చెయ్యి పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది. రైల్లో అడగకుండా దాచుకున్నది ఏదో ఆమె ముఖంలోంచి దిగిపోవడం పరశురాములు చూశాడు. అతను కళ్లద్దాలు తీసి తుడుచుకుని, తుడిచిన అద్దాలనే మళ్లీ తుడిచాడు. చదివి వినిపిస్తే ఎన్ని తిట్లు పడతాయో లెక్కేసుకుని వచ్చిన మనిషికి, ఇప్పుడు ఏం చేయాలో తోచలేదు.

"అయితే అచ్చెయ్యనా చెల్లె?"

"అచ్చెయ్యి. మామ ముసలితనంల నీ కాలు పట్టుకొని బతికిండు. గది పాపం కాదు. మామ గూడ పోయిండు. ఇప్పుడు నిజం రాస్తె ఎవలికి నష్టం?"

రొట్టెలయ్యాయి. పుంటికూర పప్పుతో ముగ్గురూ అరుగు మీదే తిన్నారు. పరశురాములు ఒక రొట్టె ఎక్కువే తిన్నాడు. రొట్టె ఇంత పలుచగా తట్టడం వయసులో తనకు ఎవరూ నేర్పలేదని, క్యాంపులో తను చేసినవి వీటి ముందు అట్ట ముక్కలని అన్నాడు. బాలలక్ష్మి, మూడు రోజుల తర్వాత, పైకి వినిపించేట్టు నవ్వింది. ఎండ అరుగు అంచు దాకా వచ్చి ఆగింది. ఎన్నో ఏళ్లుగా ఈ ఇంటికి వస్తున్నా, ఇక్కడ తిన్నది రుచిగా ఉందని అతనికి తెలియడం ఇదే మొదలు.

నాలుగున్నరకు నరేశ్ ఫోన్ చేశాడు. చిన్నమ్మ ఏమందని అడిగాడు. ఒప్పుకుందని తండ్రి చెప్పాడు. సరే అయితే మిషను ఎక్కించమంటానని నరేశ్ అన్నాడు.

"ఆగుమను," అంది సత్తమ్మ.

పరశురాములు ఫోన్ చెవి దగ్గరినుంచి తీశాడు.

"నువ్వు నీ నిజం రాసినవు గదన్నా. నాదొకటి ఉన్నది. గదీ రాయి. లేకుంటె పుస్తకం సగమే అయితది." ఆమె పత్తి కుప్ప వైపు చూస్తూ చెప్పింది. "ముందుగాల పేరు దిద్దు. ఆయన పేరు భూమన్న కాదు."

ఫోన్లో నరేశ్ హలో, హలో అంటున్నాడు.

భూమన్న ఆయన అన్న పేరని సత్తమ్మ చెప్పింది. అన్న ఏడో తరగతి చదివి, జ్వరమొచ్చి చనిపోయాడు. తమ్ముడు మూడులోనే బడి మానేశాడు. మిలిటరీలో చదువు కాగితం అడిగితే ఇంట్లో ఉన్నది అన్నదే. అది పట్టుకుపోయి, అన్న పేరుతో చేరి, అన్న పేరుతోనే పోయాడు. ఊళ్లో పెద్దవాళ్లకు తెలుసు, వాళ్లు నోరు మెదపలేదు. ఇప్పుడు వాళ్లెవరూ లేరు. కూతురు మమతారాణికి కూడా తెలియదు. కాగజ్‌నగర్‌లో టీచరుగా చేస్తున్న ఆ పిల్ల సర్టిఫికెట్ల మీద తండ్రి పేరు భూమన్నే. సత్తమ్మ పింఛను కాగితాల మీదా అదే పేరు.

రెండేళ్లు ఒకే పొయ్యి దగ్గర పనిచేసి, పక్కపక్కన పడుకున్న మనిషి. పిలిస్తే ఒక్క పిలుపుకు తిరిగి చూసేవాడు కాదు. చెవులు కొంచెం మందమని పరశురాములు నాలుగో అధ్యాయంలో రాశాడు కూడా.

"చెల్లె, పింఛను కాయితాలు..." అన్నాడు. "ఇది బయటపడితె ఏమైతదో నాకు తెల్వదు."

"నాకు భయం లేదా? ఉన్నది. నువ్వు భయపడుకుంటనే రాసినవు గదా." సత్తమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "సాయంత్రం బస్సుకు మమత వస్తది. దానికి గూడ నువ్వే చదివి చెప్పాలె. తండ్రి సొంత పేరు దానికి తెల్వకుంటనే నేను పోతనేమో అని రోజు అనుకుంట."

బాలలక్ష్మి చెయ్యి చాపి భర్త దగ్గరి ఫోన్ తీసుకుంది. ప్రెస్సు ఆపమని కొడుకుతో చెప్పింది. ఆదివారం సంగతి ఏమిటని అతను అడిగితే, ఆదివారాలు ఇంకా చాలా వస్తాయని చెప్పి పెట్టేసింది. పరశురాములు నోటుబుక్కులో కొత్త పేజీ తెరిచి, పెన్ను మూత తీశాడు.

"మరి ఆయన పేరేంది వదినె?" అని బాలలక్ష్మి అడిగింది.

సత్తమ్మ వెంటనే చెప్పలేకపోయింది. మొగుడి పేరు నోటితో పలకడం ఆమె ఎన్నడూ చేయలేదు. ఇంటి పెద్దవాళ్ల ముందూ పలకలేదు, ఆఫీసుల్లోనూ పలకలేదు, అక్కడ కాగితం చూపించి వేలు పెట్టేది. ఆమె తల వంచుకుంది. యాభయ్యారేళ్ల మనిషి ముఖంలోకి కొత్తకోడలి సిగ్గు వచ్చింది. కొంగు సవరించుకుంది. వాకిట్లో ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి చూసింది.

"ముత్యం," అంది.

ఆ పేరు తన నోట ఎట్లా పలికిందో తనే వింటున్నట్టు కొంచెంసేపు ఊరుకుని, ఈసారి కాస్త గట్టిగా మళ్లీ అంది.

"ముత్యం. రాయన్నా."